చవితికి ముందు వచ్చిన అయిదు ఫారాలు

చిత్తూరు బజారులో వెంకటముని ఇల్లు ఎక్కడని అడిగితే నలుగురిలో ఇద్దరు తెలియదనేవాళ్ళు. చావుల లెక్కాయన ఇల్లు అంటే మాత్రం వీధిలో ఆడుకునే పిల్లలు కూడా వెంటబెట్టుకుని పోయి వాకిట్లో నిలబెట్టేవాళ్ళు. ఆ పేరుకు ఆయన ఏనాడూ నొచ్చుకోలేదు. ఆయన పని అదే మరి.

బీమా ఆఫీసుకు కొత్తగా వచ్చే దరఖాస్తులన్నీ ఆయన బల్ల మీదికే వచ్చేవి. మనిషి వయసెంత, చేసే పనేమి, తల్లీతండ్రీ ఎన్నేళ్ళు బతికారు, ఒంట్లో ఏ జబ్బుంది, ఇవన్నీ చూసి, ఆ ప్రాణానికి బీమా ఇవ్వచ్చునో లేదో తేల్చి ఆయన సంతకం పెట్టాలి. సంతకం పడిన దినం నుంచే బీమా మొదలు. పడకముందే మనిషి పోతే, కట్టిన మొదటి కంతు వెనక్కిస్తారు. అంతకుమించి ఇంకేమీ రాదు.

వెయ్యిమంది ముప్పై ఏళ్ళవాళ్ళుంటే, వచ్చే ఏడాదికి వాళ్ళలో ఎందరు ఉండరో లెక్కగట్టే చదువొకటుంది. ఆక్చువరీ అంటారు. పల్లె బళ్ళో చదువుకున్న వెంకటముని పోస్టులో పుస్తకాలు తెప్పించుకుని ఆ పరీక్షలు మూడు గట్టెక్కాడు. మిగిలినవి ఎక్కలేకపోయాడు. అయినా ఆ పట్టికలంటే ఆయనకు పూజ పుస్తకమంత గౌరవం. ఎవరు పోతారో పట్టిక చెప్పదు, ఎందరు పోతారో చెబుతుంది. ఎవరన్నది దేవుడు చూసుకునే సంగతి అని ఆయన నమ్మకం. ప్రతి నెలా చవితినాడు సెలవు పెట్టి కాణిపాకం పోయి వినాయకుడికి దండం పెట్టుకుని వచ్చేవాడు.

పాలసీ తీసుకున్న రెండేళ్ళలోపే పోయినవాళ్ళ కాగితాలు కూడా ఆయనే చదవాలి. వాటిలో రోగాలతో పోయినవాళ్ళు తక్కువ. సత్యవేడు దగ్గర గట్టు తగాదాలో పార దెబ్బకు తల చీలినవాడు. బండి మీద వస్తుంటే దారికాచి ముగ్గురు పొడిచినవాడు. సొంత బావమరిది చేతిలో గొడ్డలికి బలైనవాడు. ఎన్ని గాయాలు, ఎన్ని అంగుళాల లోతు అని డాక్టర్లు రాసిన రిపోర్టులు ఒక్క వరసా విడవకుండా చదివి, కాగితం మూసి, రెండు నిమిషాలు కళ్ళు మూసుకునేవాడు. పక్క బల్ల దగ్గర కూర్చునే నాయబ్ రసూల్ అప్పుడు మాట్లాడించేవాడు కాదు. నీళ్ళ గ్లాసు మెల్లిగా ఇటు జరిపి తన పని తాను చూసుకునేవాడు. పదహారేళ్ళుగా వాళ్ళిద్దరిదీ అదే వరస.

వెంకటముని నాయన కూడా అట్లాగే పోయాడు. ఈయనకు తొమ్మిదేళ్ళప్పుడు, తమ వేరుశనగ చేనులో పడిన పక్క చేనాయన దూడను తోలినందుకు, ఆ చేనాయన కొడవలితో నాయన మెడ మీద కొట్టాడు. నెత్తురు కారే మెడకు తుండుగుడ్డ అదిమిపట్టుకుని నాయన ఇల్లు చేరాడు. వాకిట్లో కూలబడి, "దూడ దొరికిందా?" అని అడిగి, అంతే. తరవాత ఆ కొట్టినాయన పెండ్లామే ఏడాది పొడుగునా దడి మీదుగా రాగిసంగటి అందించి ఈ పిల్లవాడి కడుపు నింపింది. ఆ రెండూ వెంకటముని మనసులో ఒకదాని పక్కన ఒకటి ఉండిపోయాయి. కత్తి ఎత్తబోయే మనిషి చెయ్యి ఒక్క గడియ ముందు ఎవరైనా పట్టుకుని ఉంటే అని ఎన్నిసార్లు అనుకున్నాడో లెక్కలేదు.

డెబ్బై తొమ్మిదో సంవత్సరం ఫిబ్రవరిలో ఒక బుధవారం, ఐరాల వైపు తిరిగే ఏజెంటు అయిదు ఫారాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. అయిదూ ఎర్రమిట్ట అనే పల్లెవి. తిరుమలయ్య, అతని తమ్ముడు మునెయ్య, మిగతా ముగ్గురు వాళ్ళ దాయాదులు. అందరిదీ చెరుకు సేద్యం. అందరూ రాళ్ళలాగా గట్టివాళ్ళు. ఒక్కడికీ ఇంతకుముందు బీమా లేదు. అయిదుగురూ ఒకే దినం డాక్టరుకు చూపించుకున్నారు. అయిదుగురూ భార్యల పేర్లే రాయించారు.

వెంకటముని ఫారాలను బల్ల మీద వరసగా పరిచి చాలాసేపు చూశాడు.

"ఏమప్పా, ఎర్రమిట్టలో ఏమన్నా గలాటా ఉండాదా?"

"యాడ లేదు సార్ గలాటా? బావి తగాదా," అన్నాడు ఏజెంటు. "ఈ తిరుమలయ్యకూ ఆ కుప్పయ్యకూ. మా తాత తవ్వించినాడని ఈయన, మా తాత తవ్వించినాడని ఆయన. పోయిన నెల్లో మోటారు పెట్టెను సమ్మెటతో పగలగొట్టినారు. ఒకరికి తల పగిలింది. మీకెందుకు సార్ అవన్నీ? వాళ్ళే నా ఇంటికొచ్చి మరీ కట్టినారు. ఇట్లాంటి పార్టీ నా సర్వీసులో దొరకలే."

వెంకటముని ఆ ఒక్క మాట పట్టుకున్నాడు. పిలవకుండా వచ్చి కట్టారు. ఆరోగ్యంగా ఉన్న అయిదుగురు మగవాళ్ళు ఒకే వారంలో చావును తలచుకున్నారంటే, పట్టికకు తెలియని సంగతి ఏదో వాళ్ళకు తెలుసు. చంపబోయేవాడికి తన చావూ దగ్గరలోనే ఉందని తెలుసు. ఒకణ్ణి చంపితే అవతలివాళ్ళు వచ్చి ఇద్దరిని చంపుతారు. పెండ్లాం బిడ్డలకు దారి చూపించి కత్తి పట్టుకుందామని అనుకున్నారు. ఆయనకు వేరే అర్థమే తోచలేదు.

"సంతకం పెట్టేస్తే పోలేదా సార్?" అన్నాడు రసూల్. "కాగితాలన్నీ సరిగ్గానే ఉండాయి కదా."

"ఉండనీ రసూల్. ఒకసారి చూసొస్తా."

అయిదు ఫారాలూ సొరుగులో పెట్టి తాళం వేశాడు.

ఆదివారం మధ్యాహ్నం బస్సులో బయలుదేరాడు. ఐరాల దాటాక ఎర్రమిట్ట మలుపు దగ్గర కండక్టరు ఆపి దించి, "ఎండగా ఉండాది సామీ, ఆ చెరుకు తోటల నీడన పో," అని తన సీసాలోని నీళ్ళు తాగించి మరీ పంపాడు. వెంకటముని నేరుగా కుప్పయ్య ఇంటికి పోయాడు. చావబోయేది అతనేనని లెక్క తేల్చుకున్నాడు కనుక.

కుప్పయ్యకు అరవై ఉంటాయి. పంచె ఎగ్గట్టుకుని పగ్గం పేనుతున్నాడు. భార్య కుప్పమ్మ ఎవరు, ఏమి అని అడగకముందే మజ్జిగ తెచ్చి చేతిలో పెట్టింది. ఊరు పేరు తెలియని మనిషి ఎండలో వచ్చాడు, ముందు దాహం తీరాలి అన్నది ఆమె పద్ధతి.

"బావి సంగతా?" అన్నాడు కుప్పయ్య. "అది ఎల్లుండికి తేలిపోతుంది సామీ. మంగళవారం చవితి. వాళ్ళూ మేమూ కాణిపాకం పోతా ఉండాం. బావి మాదని వాళ్ళు అయిదుగురూ తలస్నానం చేసి దేవుడి ముందర చెయ్యి ఎత్తి చెప్తే, నేను బావి విడిచిపెట్టేస్తా. పెద్దమనుషుల ముందర మాటిచ్చినా. చెప్పలేరులే! అబద్ధం చెప్పినోడు మూడు నెలలు తిరక్కుండా పోతాడు. ఆ సంగతి వాళ్ళకీ తెలుసు."

వెంకటముని ఆ మాట విన్నాడు. నెలనెలా ఆ దేవుడి ముందర నిలబడే మనిషే. ఆ ప్రమాణానికి ఎంత భయపడతారో చిన్నప్పటినుంచీ చూసినవాడే. అయినా ఆ పూట ఆయన బుర్రలో నడుస్తున్నది పట్టిక ఒక్కటే. ప్రమాణమనేది కన్నుగప్పడానికి, దారిలో పని కానిచ్చేస్తారు అని తేల్చుకున్నాడు.

"అప్పా, నేను చెప్పకూడని మాట చెప్తా ఉండా," అన్నాడు గొంతు తగ్గించి. "ఆ అయిదుగురూ ఒక్క వారంలో ప్రాణాలకు బీమా కట్టినారు. ఊరికే కట్టలేదు. నీ మీదికి వచ్చేదానికే. నా మాట విని నువ్వూ నీ బిడ్డలూ నాలుగు దినాలు యాడికన్నా పొండి."

కుప్పయ్య పేనుతున్న పగ్గం కింద పెట్టాడు.

"దేవుడి దగ్గర తేలుతుందని నేను కూర్చోనుంటే, వాళ్ళు ఈ పనిలో ఉండారా?" అన్నాడు. "మంచిమాట చెప్పినావు సామీ. నీ రుణం తీర్చుకోలేను."

లేచి వెంకటముని చేతులు రెండూ పట్టుకున్నాడు. ఆ పట్టు బిగుసుకుంటుంటే ముసలాయనకు భయం పట్టుకుందని అనుకున్నాడు వెంకటముని. తిరిగి పోయే బస్సు లేక ఆ పూటకు ఊరి బడి అరుగు మీద పడుకున్నాడు. కుప్పమ్మ చాపా దిండూ పంపింది.

పొద్దున్నే లేచి, వచ్చిన పని సగమే అయిందని అనుకున్నాడు. కొట్టేవాడి చెయ్యి కూడా పట్టుకోవాలి. తిరుమలయ్య యాడ అని అడిగితే చెరుకు గానుగ దగ్గర అన్నారు. గట్ల వెంట నడుచుకుంటూ పోయేసరికి ఎండెక్కింది. గానుగ తిరుగుతోంది. పొయ్యి మీది పెద్ద పెనంలో చెరుకు రసం పొంగులు పొంగుతూ ఎర్రబడుతోంది. మునెయ్య పొడుగాటి తెడ్డుతో కలుపుతున్నాడు. మిగతా ముగ్గురూ అవతలి చేనులో చెరుకు నరుకుతున్నారు.

తిరుమలయ్య నవ్వు మొహం మనిషి. బీమా ఆఫీసాయన అని తెలియగానే చెరుకు ఆకు మడిచి అందులో వేడి పాకం పోసి ఇచ్చాడు.

"చల్లారినాక తిను సామీ, నాలిక కాలుతుంది. మా కాగితాలు అయిపోయినాయా? రేపటి లోపల కావాల. దానికోసమే కదా నేను తొందర పడతా ఉండేది."

"రేపటికి ఎందుకప్పా అంత తొందర? ఏం చెయ్యబోతారు మీరు?" వెంకటముని అతని చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు తిరుమలయ్యా. ఒక బావి కోసరం మనిషిని చంపుతారా? మీ బిడ్డలు..."

తిరుమలయ్య తెల్లబోయి చూశాడు. తరవాత గట్టిగా నవ్వాడు.

"చంపేదా? ఎవరిని సామీ? ఒరే మునెయ్యా, ఇది విన్నావా, మనం చంపుతామంట!" నవ్వుతూనే దగ్గరికి వచ్చి చెవిలో చెప్పినట్టు చెప్పాడు. "నీ దగ్గర దాచేదేముండాది. ఆ బావి మాది కాదు. తవ్వించింది కుప్పయ్య తాతే. నీళ్ళు లేకపోతే మా చెరుకు ఎండిపోతుంది, మేము అడుక్కు తినాల. రేపు కాణిపాకంలో మేము అయిదుగురం అబద్ధం చెప్పబోతా ఉండాం. ఆ సామి ఊరుకుంటాడా? మూడు నెలల్లో ఎవరు మిగులుతామో ఎవరు పోతామో. అందుకే పెండ్లాల పేరున రాసినాం. బావి ఉంటుంది, దుడ్డు ఉంటుంది, బిడ్డలు బతుకుతారు. అంతే సామీ."

వెంకటముని చేతిలోని ఆకు కింద పడిపోయింది. వేడి పాకం పాదం మీద పడి కాలినా ఆయనకు తెలియలేదు.

కాలువ గట్టు వైపు కుక్కలు మొరిగాయి.

వాళ్ళు ఎనిమిదిమంది. ముందు కుప్పయ్య. పంచె ఎగ్గట్టిన తీరు నిన్నటిలాగే ఉంది. చేతిలో పగ్గం బదులు గొడ్డలి. వెనక కొడుకులూ తమ్ముళ్ళూ, చెరుకు నరికే కత్తులూ, బండి నొగలూ. వాళ్ళు అరవలేదు. పరుగెత్తలేదు కూడా. పనికి వచ్చినట్టు వచ్చారు.

"కుప్పయ్యా!" వెంకటముని ఎదురు పరుగెత్తాడు. "వాళ్ళు చంపేవాళ్ళు కాదయ్యా! తప్పు నాది! నేనే తప్పు లెక్క..."

ఎవరో భుజం పట్టి పక్కకు తోశారు, దారిలో ఉన్న కంపను తోసినట్టు. మొదటి దెబ్బ తిరుమలయ్య భుజం మీద పడింది. అతని మొహం మీద నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. రెండో దెబ్బకు మోకాళ్ళ మీద కూలాడు. మునెయ్య తెడ్డు తిప్పి ఒకడి దవడ పగలగొట్టాడు. పెనంలోని పాకం తెడ్డుతో ఎత్తి చిమ్మితే ఇంకొకడు మొహం పట్టుకుని గానుగ చుట్టూ గుడ్డివాడిలా తిరిగి పడ్డాడు. అప్పుడు ఇద్దరు కలిసి మునెయ్యను వెనకనుంచి బండి నొగతో నెట్టారు. అతను మరిగే పెనంలో నడుము దాకా పడ్డాడు. ఆ కేక విని అవతలి చేనులో చెరుకు నరుకుతున్న ముగ్గురూ కత్తులు పారేసి తోటల్లోకి పారిపోయారు. ఆ కేక మనిషిదని వెంకటమునికి తరవాత ఎన్నో ఏళ్ళు నమ్మబుద్ధి కాలేదు.

కింద పడిన తిరుమలయ్య మీదికి కుప్పయ్య గొడ్డలి మళ్ళీ ఎత్తాడు. వెంకటముని పాకుతూ పోయి ఆ పడిన మనిషికి అడ్డంగా చెయ్యి పెట్టాడు. దెబ్బ దిగింది. కుడిచేతి చూపుడు వేలూ నడిమి వేలూ పొయ్యి పక్కన బూడిదలో పడ్డాయి. గొడ్డలి ఆగలేదు.

"నువ్వు లెయ్ సామీ," అన్నాడు కుప్పయ్య, ఎంతో మర్యాదగా. "మంచోడివి. నీకు తగలకూడదు."

గొడ్డలి భుజాన వేసుకుని, కొడుకులను పొమ్మని, ఒక్కడే ఐరాల పోలీసు స్టేషను దారి పట్టాడు.

పొలంలోకి సద్ది తెస్తున్న తిరుమలయ్య భార్య పంకజాక్షి ఆ కేక విని గంప పారేసి పరుగెత్తి వచ్చింది. ఆమె కంట ముందు పడింది వెంకటముని. నెత్తురు కారుతున్న చెయ్యి చూసి, "అయ్యో సామీ!" అని తన కొంగు చర్రున చింపి ఆ చేతికి బిగించి కట్టింది. ముడి వేసి, తల ఎత్తి, పెనం అవతల పడి ఉన్నదెవరో అప్పుడు చూసింది.

ఆస్పత్రిలో పోలీసులు అడిగితే వెంకటముని ఉన్నదున్నట్టు చెప్పాడు. నిన్న కుప్పయ్యకు తాను ఏమి చెప్పాడో, ఎందుకు చెప్పాడో, ఒక్క మాట దాచలేదు. రాసుకుంటున్న జమాదారు మధ్యలో కలం ఆపి, ఆయన మొహం చూసి, మళ్ళీ రాసుకున్నాడు. భార్య శకుంతలమ్మ మంచం పక్కన కూర్చుని అంతా విన్నది. ఆ రోజు నుంచి అన్నం ముద్దలు చేసి ఆయన ఎడమ చేతికి అందించింది. ఆ సంగతి మాత్రం ఏనాడూ ఎత్తలేదు.

పారిపోయిన ముగ్గురు దాయాదులూ వారానికి తిరిగి వచ్చి తమ ఫారాలు వెనక్కి తీసుకున్నారు. అన్నదమ్ములిద్దరూ పోయాక ఇక ప్రమాణం జరగలేదు. బావి మోటారు అట్లాగే పగిలి ఉంది. రెండు వైపులా చెరుకు ఎండిపోయింది.

ఇరవై దినాలకు వెంకటముని ఆఫీసుకు వచ్చాడు. మరుసటి దినమే పంకజాక్షి వచ్చింది. వెనక మునెయ్య భార్య చంకలో బిడ్డతో నిలబడింది. పంకజాక్షి చేతిలో రెండు రసీదులున్నాయి. పోలీసుల నోట ఆమె అన్నీ విన్నదని మొహం చూస్తేనే తెలుస్తోంది. నలుగురి ముందర కొడుతుందేమో అనుకున్నాడు ఆయన. కొట్టాలనే కోరుకున్నాడు.

"చెయ్యి ఎట్లుండాది సామీ?" అంది ఆమె.

"మానుతా ఉండాదమ్మా."

"నువ్వు ఎందుకు చెప్పినావో, ఎవరికి చెప్పినావో నేను అడగను. అడిగితే నా మొగుడు రాడు. ఒక్కటే చెప్పు. మా ఇంటాయనదీ మరిదిదీ కాగితాల మీద నువ్వు సంతకం పెట్టినావా, లేదా?"

రసూల్ తల దించుకుని కాగితాల్లోకి చూస్తున్నాడు. తాళం వేసిన సొరుగు వెంకటముని మోకాలికి తగులుతూనే ఉంది.

"పెట్టినానమ్మా," అన్నాడు. "శనివారమే పెట్టినా."

ఆమె దండం పెట్టింది. ఆయన కళ్ళు దించుకున్నాడు.

వాళ్ళు పోయాక సొరుగు తెరిచి రెండు ఫారాలూ తీశాడు. కుడిచెయ్యితో కలం పట్టుకోవాలంటే బొటనవేలికీ ఉంగరపు వేలికీ మధ్యన ఇరికించాలి. రెండింటి మీదా గానుగ దగ్గరికి పోకముందు వచ్చిన శనివారం తేదీ వేసి సంతకం పెట్టాడు. పదహారేళ్ళుగా ముత్యాల్లాగా పడిన సంతకం, ఈ రెండు కాగితాల మీద చీమ సిరాలో పడి లేచిపోయినట్టు వంకరలు పోయింది. వేళ్ళు తెగకముందు పెట్టినది కాదని కళ్ళున్న ఎవరికైనా తెలుస్తుంది.

ఆ కాగితాలు హెడ్ క్లర్కు దగ్గరికి పోయాయి. ఆయన సంతకం చూశాడు, బల్ల అవతల గుడ్డ చుట్టిన చేతిని చూశాడు, ముద్ర వేశాడు. మేనేజరు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, చూసి, "సరే" అని రాశాడు. పైఆఫీసులో ఎన్ని బల్లలు దాటాయో. ఒక్కరూ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. రెండు నెలలకు ఆ ఇద్దరు ఆడవాళ్ళకూ రావలసింది వచ్చింది.

ఆ మరుసటి చవితికి రెండు దినాల ముందు వెంకటముని ఒక కొత్త ఫారం తీసుకుని తన పేరు రాశాడు. వయసు నలభై ఏడు. నామినీ శకుంతలమ్మ. ప్రాణానికి వేరే అపాయమేమైనా ఉందా అన్న చోట కలం చాలాసేపు ఆపి, ఒంకర అక్షరాలతో రాశాడు: "ఉంది. చవితినాడు కాణిపాకం పోయి దేవుడి ముందర నిలబడాలి. నేను ఒక అబద్ధం చెప్పి ఉన్నాను."

ఫారం రసూల్ బల్ల మీద పెట్టాడు. ఆయన సెలవులో ఉన్నప్పటినుంచీ సంతకాలు రసూల్‌వే.

రసూల్ చదివాడు. మళ్ళీ చదివాడు.

"సార్, ఇట్లా రాస్తే ఏ ఆఫీసన్నా ఒప్పుకుంటుందా?"

"నేనైతే ఒప్పుకోను రసూల్. నీ ఇష్టం. రొంత ఆలోచించి చెప్పు. నాలుగు దినాలు పెట్టుకో."

"అల్లా సాక్షిగా, నాలుగు దినాలు కాదు సార్. ఒక్క పూట కూడా సొరుగులో పెట్టను," అన్నాడు రసూల్.

నీళ్ళ గ్లాసు ఆయన వైపు జరిపి, కలం తీసుకుని, ఆ దినం తేదీయే వేసి, అప్పటికప్పుడు సంతకం పెట్టాడు.